రిఫ్లెక్టర్ టేపు లేని ట్రాలీ రాత్రిపూట రోడ్డు మీద ఉన్నట్టే తెలియదు

ఎడిటర్ గారికి,

వరికోతలు మొదలయ్యాయంటే జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త మళ్లీ మళ్లీ వస్తుంది. ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని బైకు వెనక నుంచి ఢీకొట్టింది, అతివేగమే కారణమని పోలీసులు తెలిపారు. అతివేగం లేదని మేం అనం. కానీ ఆ ట్రాలీ ఎంత దూరం నుంచి కనపడింది, దాని వెనక డోరు మీద ఏముంది అన్న ముక్క ఆ వార్తలో ఎక్కడా ఉండదు. ట్రాలీలకు బాడీ కట్టడం, రంగులేయడం, వైరింగ్ చేయడం మా పని. అందుకే ఆ ముక్క మేం రాస్తున్నాం.

ముందు లెక్క చూడండి. గంటకు 60 కి.మీ. వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. చీకట్లో ఎదురుగా ఏదో ఉందని కంటికి ఆని, అది ఆగి ఉన్న వస్తువని బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి రెండు సెకన్లు పడతాయి. అంటే 33 మీటర్లు అప్పటికే అయిపోయాయి. పొడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా పట్టినా ఆగడానికి ఇంకో 23, 25 మీటర్లు కావాలి. మొత్తం 57 మీటర్ల పైమాటే. దుమ్ము కొట్టుకుపోయిన ట్రాలీ, లైట్లు లేకుండా, డిమ్ వెలుగులో కనపడేది 40 మీటర్ల దగ్గర. బైకు లైటు పాతబడినా, అద్దం లోపల మసి పట్టినా, 25 మీటర్లకు దిగిపోతుంది. అప్పుడు 40 కి.మీ. వేగంతో వచ్చేవాడికి కూడా చోటు చాలదు. ఎదురుగా ఇంకో బండి లైట్లు కొడుతుంటే చెప్పనక్కర్లేదు. రెండు బండ్ల వెలుతురు కలిసే చోట ఉన్న ట్రాలీ అసలు కంటికే ఆనదు. ఆ బండి దాటిపోయాక కూడా కన్ను కుదుటపడటానికి కొన్ని సెకన్లు పడుతుంది, వయసు మళ్లినవాళ్లకైతే ఇంకా ఎక్కువ.

ఇక రంగు సంగతి. కొత్త ట్రాలీ చేయించుకునే రైతు మొదట అడిగేది మెరిసే రంగు. టమాటా ఎరుపు, నెమలి నీలం, డోరు మీద తామరపువ్వు, పిల్లల పేర్లు. పగలు అవి బాగానే కనపడతాయి. చిక్కు పొద్దు గూకాక మొదలవుతుంది. మన కంట్లో రంగులు పట్టే కణాలు వేరు, మసక వెలుతురులో పనిచేసే కణాలు వేరు. రెండో రకం కణాలు పచ్చ, నీలి ఛాయల్ని బాగా పట్టుకుంటాయి, ఎరుపును దాదాపు పట్టుకోవు. అందుకే మునిమాపు వేళ అన్నిటికన్నా ముందు నల్లబడేది ఎరుపు. చెక్ దేశపు శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే ఈ సంగతిని 1825లోనే రాశాడు. పగలు ఊరంతటికీ కొట్టొచ్చినట్టు కనపడిన ఎర్ర ట్రాలీ, సరిగ్గా జనం పొలాల నుంచి ఇళ్లకు మళ్లే వేళకు తారురోడ్డులో కలిసిపోతుంది.

ఫ్లోరోసెంట్ రంగులు కొంచెం నయం. నారింజ, చిలకపచ్చ రకాలు కంటికి కనపడని అతినీల కాంతిని తీసుకుని కనపడే వెలుగుగా మార్చి వదులుతాయి. అందుకే మబ్బుపట్టిన రోజున, తెల్లవారుజామున, సందె వేళ అవి చుట్టూ ఉన్న అన్ని రంగులకన్నా ఎక్కువ మెరుస్తాయి. అయితే ఆకాశంలో వెలుతురు ఉన్నంతసేపే ఆ మెరుపు. హెడ్‌లైట్‌లో అతినీల కాంతి లేనట్టే లెక్క, కనుక నడిరాత్రి ఫ్లోరోసెంట్ కూడా మామూలు పెయింటే.

రాత్రికి పనికొచ్చేది ఒక్కటే, పడ్డ వెలుతురును వచ్చిన దారినే వెనక్కి పంపే టేపు. అందులో సన్నని గాజుపూసలు గానీ, చిన్న చిన్న ప్రిజం పలకలు గానీ ఉంటాయి. గది మూలకు విసిరిన బంతి తిరిగి విసిరినవాడి దగ్గరికే వచ్చినట్టు, హెడ్‌లైట్ వెలుగు తిరిగి హెడ్‌లైట్ వైపే వస్తుంది. డ్రైవరు కన్ను దానికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి అతనికి టేపు నిప్పులా కనపడుతుంది. మంచి టేపు 150, 200 మీటర్ల నుంచే తెలుస్తుంది. కారులో ఉన్నవాడికన్నా లారీ డ్రైవరు హెడ్‌లైట్‌కి బాగా ఎత్తులో కూర్చుంటాడు, అతనికి అదే టేపు కాస్త మసకగా కనపడుతుంది. అందుకే ‘ఓ ముక్క అంటిస్తే సరిపోతుందిలే’ అనుకోవడం తప్పు. కొందరు పాత సీడీలు, స్టీలు రేకులు వేలాడదీస్తారు. అవి అద్దం లాంటివి, వెలుతురును ఎటో పక్కకు విసురుతాయి. గాలికి ఊగి సరిగ్గా ఎదురైన క్షణంలో ఒక్కసారి తళుక్కుమని, తర్వాత మళ్లీ చీకటే.

షాపులో ‘రేడియం’ అని అడిగితే రెండు రకాలూ అదే పేరుతో ఇస్తారు. ఒకటి ఉత్త రంగు స్టిక్కరు. రెండోది నిజంగా వెలుతురు తిప్పికొట్టేది. తేడా పట్టడం తేలిక. చీకటిగా ఉన్న చోట టేపును గోడకు పెట్టి పది అడుగులు వెనక్కి రండి. ఫోను టార్చి వెలిగించి కణతకు ఆనించి పట్టుకుని చూడండి. అసలు రకం భగ్గున వెలుగుతుంది. అదే టార్చిని నడుము దగ్గరికి దించితే వెలుగు తగ్గిపోతుంది. తగ్గాలి కూడా, అదే దాని గుణం. ఎక్కడ పట్టుకున్నా ఒకేలా కనపడితే అది రంగు కాగితం. లారీలకు వేసే మేలు రకం టేపు మీద వృత్తంలో ‘ఈ’ అన్న ఇంగ్లిషు అక్షరం, అంకె, ‘104 ఆర్’, ‘సి’ అని అచ్చు ఉంటుంది. రెండంగుళాల వెడల్పు, అంటే 50 మిల్లీమీటర్లది తీసుకోండి.

ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు. ఇది మా ఇష్టాయిష్టాల సంగతి కాదు, దేశమంతటా బండ్లకు ఉన్న పద్ధతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 104వది రిఫ్లెక్టర్ల గురించే. తెలుపు ఎక్కువ మెరుస్తుందని వెనక కూడా తెల్ల టేపే వేయమనే వాళ్లున్నారు. మెరిసే మాట నిజమే, ఎరుపుకన్నా తెలుపు చాలా ఎక్కువ వెలుతురు తిప్పి పంపుతుంది. కానీ తెల్ల వెలుగు చూసిన డ్రైవరు అది ఎదురొచ్చే బండి అనుకుని, దాన్ని తప్పుకునే లెక్కలో స్టీరింగ్ తిప్పుతాడు. హెడ్‌లైటు పడ్డ ఎర్ర టేపు ఎర్ర పెయింటులా నల్లబడదు. తెలుపుకన్నా తక్కువ మెరిసినా దాని అర్థం ఒక్కటే, ఇది బండి వీపు.

ఎంత టేపు కావాలి? 11 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల డోర్ల మామూలు ట్రాలీకి లెక్క చెబుతాం. వెనక డోరుకు నాలుగు అంచులా చట్రంలా వేస్తే ఎరుపు 16 అడుగులు. రెండు పక్కలా పొడవునా పసుపు 22 అడుగులు. ముందు ట్రాక్టరు అడ్డం ఉంటుంది కనుక రెండు మూలలకూ అడుగు చొప్పున తెలుపు చాలు. వెరసి 40 అడుగులు, అంటే 12 మీటర్ల పైన కాస్త. చట్రంలా ఎందుకంటే, నడిమధ్య ఒకే ఒక్క ఎర్రచుక్క ఉంటే వెనక వచ్చేవాడు దాన్ని దూరంగా పోతున్న బైకు అనుకుంటాడు. పక్క నుంచి దాటేయొచ్చని వస్తాడు, ఆరడుగుల ఇనుము తగులుతుంది. నాలుగు అంచులూ కనపడితే వెడల్పు తెలుస్తుంది, చట్రం పెద్దదవుతున్న తీరును బట్టి ఎంత దగ్గరపడ్డామో కూడా తెలుస్తుంది.

పక్క టేపును జనం దండగ అనుకుంటారు. పొలం గట్టు దిగి రోడ్డుకు అడ్డంగా తిరిగే ట్రాక్టరును ఊహించుకోండి. ట్రాక్టరు లైట్లు అవతలి పొలంలోకి కొడుతుంటాయి, వెనక లైట్లు ఇవతలి పొలంలోకి. రోడ్డు మీద వచ్చేవాడికి కనపడేది చీకటి ఒక్కటే. బైకులు ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య కొక్కెం దగ్గర దూరి చక్రాల కింద పడేది ఇలాంటప్పుడే. వెనకా పక్కా రెండూ వేయడానికి డబ్బు చాలకపోతే ముందు వెనకే వేయించండి, పక్కలకు కనీసం మూడడుగులకో జానెడు పసుపు ముక్క అంటించండి.

అంటించడంలో చెడగొట్టేవాళ్లే ఎక్కువ. బురద కడిగి, తుప్పును వైరు బ్రష్షుతో గీకి, ఎమరీ కాగితంతో రుద్ది, రెడాక్సైడ్ కొట్టి, ఆపైన పెయింటు వేయాలి. కొత్త ఎనామిల్ పెయింటు పైకి ఆరినట్టున్నా లోపలి నుంచి ఆవిరి వదులుతూనే ఉంటుంది. వారం ఆగకుండా టేపు వేస్తే కింద బుడగలు లేచి నెలలోపే ఊడుతుంది. అంటించే ముందు స్పిరిటుతో తుడవాలి. డీజిలు, కిరసనాయిలు వద్దు, నూనె పొర మిగులుతుంది. మంచు తడి ఉన్న పొద్దుట వద్దు, రేకు చేయి కాలేంత ఎండలో వద్దు. రివెట్లు, మడతల మీదుగా టేపును సాగదీసి లాగొద్దు. వాటికి ఇటూ అటూ మూడు మిల్లీమీటర్లు వదిలి ముక్కలుగా కోయండి. మూలల్ని కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే గడ్డి పట్టుకుని లేవదు. గుడ్డ చుట్టిన చెక్కతో మధ్య నుంచి అంచులకు గట్టిగా రుద్దాలి, ఒక రోజంతా నీళ్లు తగలనీయొద్దు. టేపు మీద వార్నీషు మాత్రం అస్సలు కొట్టొద్దు.

అంత చేశాక కూడా టేపు పనిచేయకుండా పోయేది ఎక్కువగా మట్టి వల్లే. దమ్ము చేసిన మడి నుంచి వచ్చిన బండి టేపు మీద ఎండిన బురద పొర ఉంటే అది ఉన్నా లేనట్టే. సాయంత్రం రోడ్డెక్కే ముందు తడిగుడ్డతో ఒక్కసారి తుడవడం ఒక్క నిమిషం పని. ఇంకోటి చెబితే కొందరికి కోపం రావచ్చు. దసరాకు ఆయుధపూజ చేసి హెడ్‌లైటుకు, టెయిల్ లైటుకు, రిఫ్లెక్టర్లకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెడతారు. పూజ మంచిదే, కానీ ఆ బొట్లు బంపరుకో బానెట్‌కో పెట్టండి. లైటు అద్దం మీద ఎండిన పసుపు సంక్రాంతి దాకా అలాగే ఉంటుంది. పండగ పెయింటింగులో టేపు మీదుగా కుంచె లాగేసే కుర్రాళ్లు కూడా ఉన్నారు, యజమాని దగ్గరుండి చూసుకోవాలి.

వరిగడ్డి, పత్తి, చెరుకు లోడు మాటేమిటి? గడ్డి ట్రాలీకి రెండు పక్కలా మూడు నాలుగు అడుగులు బయటికి పొంగి, వెనక డోరును, లైట్లను, టేపును మొత్తం కప్పేస్తుంది. దీనికి మార్గం, లోడు వెడల్పుకు సరిపడా ఒక చెక్క బద్దె. దానికి ఒక వైపు ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎర్ర టేపు, రెండు కొసలకూ తాళ్లు. గడ్డి బిగించాక వెనక నడుము ఎత్తులో కట్టాలి. ఎత్తు ముఖ్యం, ఎందుకంటే డిమ్ లైటు కిందికి కొడుతుంది. గడ్డివామంత ఎత్తున పైన కట్టిన టేపుకు వెలుతురే అందదు. బద్దె వంకరగా వేలాడినా ఫరవాలేదు గానీ, పైకి ఆకాశం వైపు వాలితే పనికిరాదు.

టేపు ఉంది కదా అని లైట్లు మానేయొద్దు. ట్రాలీ లైట్లు వెలగకపోవడానికి బల్బు కన్నా ఎర్తే, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారే, ఎక్కువ కారణం. కొక్కెం పిన్ను మీదుగా ఎర్తు వస్తుందని వదిలేస్తారు. పిన్నుకు గ్రీజు, తుప్పు పట్టగానే లైటు మినుకుమినుకుమని ఆరిపోతుంది. ఎర్తుకు విడిగా ఒక వైరు లాగండి. కొక్కెం దగ్గర వైరు మలుపులో తెగకుండా కాస్త వదులుగా, రబ్బరు గొట్టంలో పెట్టి కట్టండి. అన్నిటికన్నా ప్రమాదం ఇంకోటుంది. రాత్రి దున్నడానికి ట్రాక్టరు వెనక మడ్‌గార్డు మీద తెల్ల లైటు ఉంటుంది. పొలం పని అయ్యాక దాన్ని ఆర్పకుండా రోడ్డెక్కుతారు. వెనక వచ్చేవాడి కళ్లలోకి అది సూటిగా కొట్టి, కింద ఉన్న ఎర్ర లైటును, టేపును రెండిటినీ మింగేస్తుంది. వినాయక నిమజ్జనానికి ట్రాలీ చుట్టూ సీరియల్ సెట్లు, తిరిగే ఎల్‌ఈడీలు కట్టినప్పుడూ ఇదే జరుగుతుంది. అన్నీ వెలుగుతుంటే బ్రేకు లైటు ఎప్పుడు వెలిగిందో వెనకవాడికి తెలియదు.

పగలూ రాత్రీ రెండిటికీ పనికొచ్చే గుర్తు ఒకటి అమెరికాలో ఉంది. ఓహైయో స్టేట్ యూనివర్సిటీలో 1960లలో తయారైంది. మూలలు కత్తిరించిన త్రికోణం, మధ్యలో ఫ్లోరోసెంట్ నారింజ, చుట్టూ వెలుతురు తిప్పికొట్టే ముదురు ఎరుపు అంచు. పగలు మధ్య భాగం పిలుస్తుంది, రాత్రి అంచు పిలుస్తుంది. గంటకు 25 మైళ్లకు లోపు నడిచే బండ్లకు అది పెడతారు. అంత పెద్ద పనేం కాదు, మన రేకు పనివాళ్లు పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి డజను చేయగలరు.

రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం గురించి రాయక తప్పదు. రోడ్డు మీద పోయకూడదన్నది నిజం, కల్లాల్లేక పోస్తున్నారన్నదీ నిజం. ఆ వాదన వేరు. పోసిన రాశి మీద రాత్రి కప్పే నల్ల టార్పాలిన్, అంచులకు పెట్టే బండరాళ్లు మాత్రం ఈ రాత్రి నుంచే మార్చొచ్చు. నల్ల రోడ్డు మీద నల్ల కప్పు, దాని పక్కన మట్టిరంగు రాయి, వీటికన్నా కనపడనిది ఇంకేదీ ఉండదు. కప్పు తెల్లదో పసుపుదో తెచ్చుకోండి. రాళ్ల బదులు ఇసుక నింపిన తెల్ల సంచులు పెట్టండి, తగిలినా ప్రాణం పోదు. రోడ్డు వైపు అంచున మూడు మీటర్లకో కర్ర నాటి, మోకాలి ఎత్తులో జానెడు టేపు చుట్టండి. టార్పాలిన్‌కు జిగురు టేపు నిలవదు, రెండు రోజుల్లో ఊడుతుంది. సేఫ్టీ జాకెట్ల మీద కుట్టే గుడ్డ పట్టీ దొరుకుతుంది, దాన్ని దారంతో కుట్టించాలి. పచ్చి కొమ్మలు విరిచి అడ్డం పెట్టడం పగటి పద్ధతి, రాత్రి ఆకు కూడా నలుపే.

నడిచేవాళ్లకూ ఇదే సూత్రం. కార్తీకం నుంచి నల్లబట్టల్లో అయ్యప్ప స్వాములు, దీక్ష విరమణకు ఎర్రబట్టల్లో ఇంద్రకీలాద్రికి నడిచే భవానీలు చీకట్లో రోడ్డు అంచున వెళ్తుంటారు. రెండు రంగులూ రాత్రికి ఒకటే. దీక్ష బట్టలు మార్చమని ఎవరూ అనరు. చీలమండలకు ఒక్కో రిఫ్లెక్టర్ పట్టీ చుట్టుకుంటే చాలు. ఛాతీ మీద జాకెట్ కన్నా కాళ్ల దగ్గరి పట్టీలు మనిషిని త్వరగా పట్టిస్తాయని పరిశోధనల్లో పదేపదే తేలింది. కదిలే చీలమండలు చూడగానే అది నడుస్తున్న మనిషని మెదడు గుర్తుపడుతుంది, ఛాతీ మీది మెరుపు ఏ బోర్డో అనుకునే వీలుంది.

అధికారులను అడిగేది పెద్దదేం కాదు. ఏడాదికి ఒక రోజు రోడ్డు భద్రతా ఉత్సవాల్లో నాలుగు ట్రాక్టర్లకు టేపు అంటించి ఫోటో దిగితే లాభం లేదు. ట్రాలీలన్నీ తప్పకుండా వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. మార్కెట్ యార్డు గేటు, ధాన్యం కొనుగోలు కేంద్రం, పత్తికి జిన్నింగ్ మిల్లు, చెరుకుకు ఫ్యాక్టరీ కాటా. టోకెన్ ఇచ్చే కుర్రాడి చేతికి ఒక టార్చి ఇచ్చి, వెనక డోరు మీద కొట్టి చూడమనండి. మెరవకపోతే పక్కనే టేపు అంటించే మనిషిని కూర్చోబెట్టి, ఖర్చు రైతు దగ్గరే తీసుకోండి. తిప్పి పంపొద్దు, తిప్పి పంపిన ట్రాలీ చీకట్లో మళ్లీ అదే రోడ్డు మీదికి వస్తుంది. బాడీ షెడ్లలో కూడా టేపు లేకుండా ట్రాలీ బయటికి పంపకూడదు. ఇది మా వాళ్లకు మేం చెప్పుకుంటున్న మాట.

మీ విలేకరులకు ఒక మనవి. ఆగి ఉన్న బండిని ఢీకొన్న వార్త రాసేటప్పుడు దానికి వెనక లైట్లు వెలుగుతున్నాయా, టేపు ఉందా, బురద పట్టి ఉందా అని ఒక్క వాక్యం చేర్చండి.

ఈసారి దసరాకు రంగులు వేయించే రైతులు పండగకు పది రోజుల ముందే బండిని షెడ్డుకు తేవాలి. పెయింటు వారం ఆరి, ఆపైన టేపు పట్టి, పూజనాటికి బండి ఇంటికి చేరుతుంది. పండగ ముందు రోజు తెచ్చి అన్నీ ఒక్కరోజులో కావాలంటే పెయింటు మాత్రమే వేస్తాం. టేపు కోసం మళ్లీ రావలసిందే, ఆ మధ్యలో బండిని చీకటి పడ్డాక రోడ్డెక్కించకండి.

ఇట్లు,
ట్రాలీ బాడీ, పెయింటింగ్, వైరింగ్ పనివాళ్లు,
సూర్యాపేట జిల్లా